శాలువా ఎవరి భుజం మీద?

మార్చి 22 ప్రపంచ నీటి దినం. ఇంకుడు గుంతల గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పినవాళ్లకు, వాన కాలువల్లో పూడిక తీసినవాళ్లకు ఆ రోజున కాలనీ సంఘం సన్మానం చేయాలా, వద్దా? దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ మధ్య కాలనీల్లో నీటి ప్రస్తావన వస్తే రెండు వాదాలు ఎదురుబొదురుగా నిలబడతాయి. వాటిని నేను కల్పించుకున్న ఒక అక్కాతమ్ముళ్ల నోట పెడుతున్నాను. అక్క ఉండేది కొత్తపేటలో. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది, కాలనీ సంఘంలో సభ్యురాలు. తమ్ముడిది వనస్థలిపురం. వాన కాలువల పనుల్లో సైట్ ఇంజనీరు. ఇద్దరూ నల్లగొండ వైపు ఊరివాళ్లు. వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉంచాను.

తమ్ముడు: సన్మానం వద్దక్కా, ముందుగనే చెప్తున్న. ఆ స్టేజీ మీద ఎవరు కూసుంటరో నాకు తెలుసు. సంఘం అధ్యక్షుడు, ఇద్దరు లీడర్లు, గుంత తవ్విన దినం గడ్డపార పట్టుకుని ఫొటో దిగినోళ్లు. తవ్వినోడు ఆ టైముకు ఇంకో కాలనీల ఇంకో గుంత తవ్వుతుంటడు.

అక్క: అందుకే కదరా నిన్ను పిలిచింది. స్టేజీ మీదికి ఎవరు రావాలెనో నువ్వే చెప్పు.

తమ్ముడు: ఎవరొచ్చినా అసలు సంగతి పక్కకు పోతది. 2020 అక్టోబరు 13 రాత్రి గుర్తుందా? ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడ్డది. హయత్‌నగర్‌ల 30కి దగ్గర. మీర్‌పేట వైపు చెరువులు మత్తడి దుంకినయి, సరూర్‌నగర్ చెరువు నిండింది, కింద ఉన్న కోదండరాం నగర్, సీసాల బస్తీ మునిగినయి. నీళ్లు దినాల కొద్దీ పోలేదు, గల్లీలల్ల పడవలు తిరిగినయి. ఆ రాత్రి ఏ ఇంకుడు గుంత ఆపింది? లెక్క చెప్త విను. 200 గజాల స్లాబు అంటే 167 చదరపు మీటర్లు. 30 సెంటీమీటర్ల వానకు దాని మీద పడేది 50 వేల లీటర్లు. ఒక్క ఇల్లు, ఒక్క దినం. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు గుంత అనుకో. ఖాళీగ ఉన్నా 6 వేల లీటర్లే పడతది. కంకర నింపినంక సందులల్ల ఆగేది రెండున్నర వేలు. అది నిండేసరికి భూమిల కొంత ఇంకుతది అనుకో, అయినా మిగిలిందంతా ఎటు పోవాలె? కాలువకే పోవాలె. కాలువల పూడిక ఉంటే రోడ్డు మీదికి, రోడ్డు మీద నుంచి పల్లపు ఇంట్లకు.

అక్క: లెక్క మంచిగనే ఉంది, కాని ఒక్క రాత్రి లెక్క చెప్పినవు. అదే స్లాబు మీద ఏడాది వాన చూడు. హైదరాబాద్‌ల అటూ ఇటుగ 80 సెంటీమీటర్లు. లక్షా 33 వేల లీటర్లు అయితది. చిందేది, ఆవిరయ్యేది తీసేసినా లక్ష మిగులుతది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 20. ఏప్రిల్, మే నెలలల్ల మా గల్లీల ఒక్క ట్యాంకరు కోసం ఎన్ని ఫోన్లు కొడతరో నీకు తెలుసు. నువ్వు చెప్పిన 30 సెంటీమీటర్ల వాన ఎన్నేండ్లకో ఒకసారి వస్తది. మనకు పడేవన్నీ ఒకటి, రెండు సెంటీమీటర్ల వానలే. రెండు సెంటీమీటర్లకు ఆ స్లాబు మీద నుంచి వచ్చేది 3,300 లీటర్లు. దాన్ని నీ ఆరడుగుల గుంత మింగుతది.

తమ్ముడు: మింగుతది, ఒప్పుకుంట. కాని నువ్వు మాట్లాడేది బోరు గురించి, నేను మాట్లాడేది వరద గురించి. జనం రెండూ ఒకటే అనుకుంటున్నరు. గుంత తవ్వితే మునక తప్పుతదని స్టేజీ మీద చెప్పి శాలువా కప్పుకుంటే, రేపు మునిగిన దినం జనం గుంతనే తిడతరు. వరదకు పెద్ద కాలువ కావాలె, చెరువుకు చోటు కావాలె. 2020 వరద చూసినంకనే నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ పెట్టిండ్రు, మొదటి దశకే సుమారు 985 కోట్లు. మా ఎల్‌బీ నగర్ వైపు బాక్స్ డ్రెయిన్లు దాంట్లనే వచ్చినయి.

అక్క: కాలువ ఒక్కటే సరిపోతే ఇంత కథ ఎందుకు? ఇంటి చుట్టూ అడుగు మట్టి లేకుండ టైల్స్ వేసినం. గల్లీ అంతా సిమెంటు చేసినం. ఒక్కో ఇంటి నుంచి చిన్న వానకు కూడ నీళ్లన్నీ ఒకేసారి కాలువల పడుతున్నయి. మొదటి రెండున్నర వేల లీటర్లు ఎవరింట్ల వాళ్లు ఆపుకుంటే నీ బాక్స్ డ్రెయిన్‌కు ఊపిరి తీసుకునే టైము దొరకదా?

ఇక్కడ వాళ్లను ఆపి ఒక మాట చెప్పాలి. ఈ నగరం గ్రానైటు మీద కూర్చుంది. నీరు ఇంకేది పైనున్న మొరం పొరలోకి, అక్కడి నుంచి కింది రాతి పగుళ్లలోకి. పగులు ఉన్నచోట గుంత బాగా తాగుతుంది, లేనిచోట నిండి నిలబడుతుంది. కాబట్టి ఎక్కడ తవ్వాలో తెలిసినవాడి చూపుకు తవ్వే చేతులకున్నంత విలువ ఉంది. అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద 20 మిల్లీమీటర్లది, పైన దొడ్డు ఇసుక, ఆ పైన కొంత ఖాళీ. ఈ వరస తప్పించి మిగిలిపోయిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు పోసి మూసేస్తే ఆ గుంత మొదటి వానకాలం కూడా దాటదు. 2002 నాటి వాల్టా చట్టం, ఇల్లు కట్టుకునే నిబంధనలు గుంత ఉండాలంటాయి. అనుమతి కాగితం కోసం తవ్విన గుంతకూ నీటి కోసం తవ్విన గుంతకూ తేడా మూడో ఏడాదికి తెలిసిపోతుంది.

తమ్ముడు: అక్కా, 2025 నవంబరుల జల్ సంచయ్ జన్ భాగీదారీ అవార్డులల్ల తెలంగాణకు దేశం మొత్తం మీద మొదటి స్థానం వచ్చింది. నీళ్లు ఇంకిచ్చే కట్టడాలు 5.20 లక్షలకు పైన లెక్కల చూపించిండ్రు.

అక్క: సంతోషమే కదా!

తమ్ముడు: సంతోషమే. కాని అవార్డు దేన్ని లెక్కపెట్టింది? కట్టినవాటిని. అండ్ల ఈ వానకాలం నీళ్లు తాగుతున్నయి ఎన్ని, పూడిపోయినయి ఎన్ని అని లెక్కబెట్టే పురస్కారం ఎక్కడన్న ఉందా? గుంత పైపొర ఇసుక ఏడాదికొకసారి తీసి కడగాలె, లేకుంటే మార్చాలె. స్లాబు ఊడ్వాలె. మొదటి వాన నీళ్లు బయటికి వదిలెయ్యాలె. రోడ్డు మీద పారే నీళ్లను బోరుల పోయొద్దు, వాటిల మురుగు కలుస్తది. ఇవన్నీ చేసేటోడు ఎవరికీ కనబడడు. తవ్వే దినం పది మంది ఉంటరు, కడిగే దినం ఒక్కడు కూడ ఉండడు.

అక్క: మరి నేను పిలుస్తానన్నది ఆ కడిగేటోడినే అయితే?

తమ్ముడు: అట్లంటవా?

అక్క: అట్లనే అంటున్న. 2019ల జలమండలి ‘వాక్’ అని ఒక కార్యక్రమం పెట్టింది, యాదికుందా? స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు నీళ్ల సంగతి చెప్పుకుంట ఇల్లిల్లూ తిరిగిండ్రు. ఎర్రటెండల గేటు కొడితే లోపలి నుంచి ఏమీ వద్దు పో అన్న ఇండ్లు నాకు తెలుసు. అమ్మకానికి వచ్చిండ్రనుకున్నరు. అట్లాంటి మనిషి చెప్పిన మాట విని ఒక్క ఇల్లు గుంత తవ్వుకున్నా, ఆ ఇంటోళ్లు తమ తెలివే అనుకుంటరు. ఆమె పేరు ఎక్కడ రాసి ఉంది?

తమ్ముడు: పేరు ఎక్కడా ఉండదక్కా, ఏ కాలంల ఉన్నది గనుక? నువ్వే చెప్పినవు కదా నాకు చిన్నప్పుడు, ఆ కడప దిక్కు శాసనం.

అక్క: పోరుమామిళ్ల. 1369. బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. చెరువు మంచిగ ఉండాలంటే పన్నెండు ఉండాలె, ఆరు దోషాలు ఉండొద్దు అని రాయి మీద చెక్కిచ్చిండు. ఇంకోటి కూడ చెక్కిచ్చిండు. దినానికి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్లు.

తమ్ముడు: చూసినవా? రాజుకు పేరు, కూలికి అంకె.

అక్క: ఆ అంకెనన్న చెక్కిచ్చిండు కదరా! ఆరున్నర వందల ఏండ్ల తర్వాత కూడ ఆ వెయ్యి మందిని నేను పిల్లలకు చెప్పిన. మరి మన నాలా పక్కన శిలాఫలకం చదువు. ప్రారంభించినోళ్ల పేర్లు, పక్కన నిలబడినోళ్ల పేర్లు. ఎంత మంది పాలమూరు కూలీలు, ఎన్ని రాత్రులు తవ్విండ్రో ఒక్క గీత ఉందా?

తమ్ముడు: లేదు.

అక్క: నీ సైటు మీద ఎక్కడోళ్లు?

తమ్ముడు: సగం పాలమూరోళ్లే. దేశంల ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా పాలమూరు చెమట పడ్డదని అంటరు కదా. ఇప్పుడు ఒడిశా, బిహార్ నుంచి కూడ వస్తున్నరు. కాని అక్కా, నువ్వు శాసనం దాకా పోయినవు, నేను మన ఊరి దాకానే వస్త. మన చెరువుకు నీరటి ఉండె. తూము ఆయన చేతిలనే ఉండె. పటేలు పొలమైనా సరే, ఆయన వదిలితేనే నీళ్లు. కళ్లం కాడ ఆయనకు వడ్లు కొలిచి ఇచ్చెటోళ్లు, మాన్యం ఉండె. అది సన్మానం అంటే! ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు, కాని నీళ్ల మీద మాట ఆయనది, పంటల వాటా ఆయనది. అట్లాంటిది ఇయ్యగలిగితే ఇయ్యి, లేకుంటే పూలదండలు మానుకో. కరోనా లాక్‌డౌన్‌ల మున్సిపల్ కార్మికుల మీద పూలు చల్లిండ్రు, కాళ్లు కడిగిండ్రు. పూలు ఎండినంక ఏమైంది? కాంట్రాక్టు కాంట్రాక్టే, జీతం జీతమే.

అక్క: నీరటి సంగతి సగమే చెప్పినవు. మిగిలిన సగం నేను చెప్త. ఆ నీరటోళ్లు దళితులు. చాలా ఊళ్లల్ల అంతే. కళ్లం కాడ వడ్లు దూరం నుంచి కొలిచి పోసిండ్రు. తూము తీసిన చెయ్యే చేదబావి తాడు ముట్టుకోవద్దన్నరు. మన వాకిట్ల ఆ తాత ఎక్కడ కూసునేదో నువ్వు చూసినవు, నేనూ చూసిన. వాటా ఇచ్చిండ్రు, పక్కన చోటు ఇయ్యలేదు. నాకు ఆ చోటు కావాలె తమ్మీ. స్టేజీ మీద కుర్చీ అంటే నీకు తమాషాగ ఉందేమో. ఏడు తరాలుగ ఆ పని చేసినోళ్లకు ఊరంతా చూస్తుండగ కుర్చీ వెయ్యడం చిన్న సంగతి కాదు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. నా ఉద్దేశంలో ఈ సంవాదానికి గుండె ఇక్కడే ఉంది. నీటి పనిని తెలుగు నేల ఎప్పుడూ పుణ్యమనే అన్నది. చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో చేర్చింది. ఆ పుణ్యమంతా తవ్వించినవాడి ఖాతాలోకే వెళ్లింది. తవ్వినవాడికి, తూము కాసినవాడికి, ఈనాడు మ్యాన్‌హోలులోకి దిగినవాడికి మిగిలింది కులం పేరిట అంటగట్టిన పని. సన్మానం గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి దాటేసి మాట్లాడటం నాకు అన్యాయంగా తోస్తుంది.

తమ్ముడు: సరే, ఇగ దాపరికం లేకుండ మాట్లాడుకుందం. 2021 ఆగస్టుల సాహెబ్‌నగర్‌ల ఏమైంది? నా ఇంటికి నడిచిపోయే దూరం. పూడిక తీయనీకి రాత్రి పూట మ్యాన్‌హోలుల దిగిన కాంట్రాక్టు కార్మికులు ఇద్దరు పైకి రాలేదు. మనిషిని దింపొద్దని చట్టం 2013లనే వచ్చింది. చచ్చిపోతే 10 లక్షలు ఇయ్యాలెనని 2014ల సుప్రీంకోర్టు అన్నది, 2023 అక్టోబరుల 30 లక్షలు చేసింది. 2025 జనవరిల హైదరాబాద్‌తో కలిపి ఆరు మహానగరాలల్ల మనుషులను దింపుడు బంద్ చెయ్యాలెనన్నది. ఇన్ని ఉన్నంక కూడ తాడు, మాస్కు, గ్యాస్ మీటరు లేకుండ దింపే మేస్త్రీలు ఉన్నరు. ఆ ఇద్దరి ఇంటికి నువ్వు శాలువా తీసుకుని పోగలవా?

అక్క: శాలువా తీసుకుని పోను. కాని నా స్టేజీ మీద మొదటి మాట ఆ ఇద్దరి గురించే ఉంటది. సాహెబ్‌నగర్ అంటే మన కాలనీలల్ల ఎంత మందికి యాదికున్నదిరా? 2020 వరద అందరికీ యాదికుంది, ఎందుకంటే అది మన ఇంట్లకొచ్చింది. 2021 ఎవరికీ యాదికి లేదు.

తమ్ముడు: యాది చేసుడు మంచిదే. నేను చూసిన అసలైన సన్మానం ఒకటి చెప్త. 2017ల జలమండలి 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. పెద్ద బండి దూరని సన్న గల్లీలల్ల కూడ అవి పోతయి, నీళ్ల జోరుతోని పూడిక కొడతయి, మనిషి దిగే పని తప్పుతది. దళిత వ్యాపారుల సంఘం డిక్కీతోని కలిసి, ఆ వర్గాల వాళ్లనే మిషన్లకు ఓనర్లను చేసిండ్రు. జలమండలి కిరాయి కడతది. నిన్న దిగినోడి ఇంటి మనిషి ఇయ్యాల బండికి ఓనరు. బెజవాడ విల్సన్‌కు 2016ల మెగసెసే వచ్చింది కదా, కోలారు బంగారు గనుల కాడి తెలుగు ఇంట్ల పుట్టినాయన. ఆయన ఇన్నేండ్లు కొట్లాడింది దండల కోసమా? ఈ పని మనిషితోని చేయించొద్దని.

అక్క: ఆయనకు మెగసెసే ఇచ్చినంకనే కదా, ఆ పని సంగతి ఎన్నడూ వినని ఇండ్లకు కూడ పత్రికల ద్వారా అది చేరింది! దండ పనికిరాదంటవు, మళ్లీ దండ పడ్డాయన పేరే చెప్తవు. ఇంకోటి అడుగుత, కోపం తెచ్చుకోకు. జులై 11న నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు, తెలంగాణ ఇంజనీర్ల దినం. సెప్టెంబరు 15 విశ్వేశ్వరయ్యది. 1908ల మూసీ ముంచినంక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చినయంటే ఆ పెద్దల తెలివి ఉంది, దండం పెట్టాలె. నువ్వు రెండు దినాలూ ఫంక్షన్‌కు పోతవు. మెమెంటో తెచ్చి షోకేసుల పెడతవు. నీకు దండ పడితే వృత్తికి గౌరవం, పూడిక తీసే మనిషికి పడితే ఉత్త తమాషానా?

తమ్ముడు: ఆ మాట అనలేదు నేను.

అక్క: అన్నవు. నీకు జీతం పెంచినంకనే మెమెంటో ఇయ్యాలెనని నువ్వు ఏనాడన్న అడిగినవా? రెండూ తీసుకున్నవు. వాళ్లకు మాత్రం ముందు జీతం, తర్వాత గౌరవం అంటవు. రెండూ ఒకేసారి ఎందుకు వద్దు?

తమ్ముడు: వద్దనను. నా భయం వేరే. శాలువా కప్పిన తెల్లారి మన కాలనీ చేతులు దులుపుకుంటది. నాలాల పరుపులు, థర్మకోల్, కొబ్బరి బోండాలు, ఇల్లు కట్టంగ మిగిలిన మట్టి, అన్నీ మనమే వేస్తున్నం. జాలీకి ఏం అడ్డం పడ్డదో తీసినోడిని అడుగు, ఏ ఇంటిదో కూడ చెప్తడు. అట్లాంటోడిని స్టేజీ ఎక్కిచ్చి, దండ వేసి, నోరు తెరవకుండ కిందికి దింపితే ఆయనకు జరిగేది అవమానం.

అక్క: అయితే మైకు వాళ్లకే ఇద్దం. మనం కింద కూసుందం.

తమ్ముడు: తిడితే?

అక్క: తిట్టనీ. తిట్టే హక్కు లేకుండ ఇచ్చే గౌరవం నాకూ వద్దు.

తమ్ముడు: అట్లయితే నా మాట కూడ విను. మార్చి 22న పెట్టకు, ఆనాటికి ఎవరి బుర్రల వాన ఉండదు. మిరుగు ముందట, మే నెలాఖరుకు పెట్టు. అప్పటికి గుంతల ఇసుక కడగాలె, కాలువల పూడిక తీసి ఉండాలె. ఫంక్షన్ హాలు వద్దు, గల్లీలనే టెంటు వెయ్యి. హాలు కిరాయి పైసలతోని మన కాలనీ గుంతలన్నీ ఏటా కడిగేటట్టు ఇద్దరికి పని ఒప్పజెప్పు, మాట మీద కాదు, కాగితం రాసి. ఏ ఇంటి గుంత తాగుతున్నది, ఏది పూడింది అని వాళ్లే పుస్తకంల రాయాలె. ఆ పుస్తకం సంఘం మీటింగుల చదవాలె.

అక్క: పూడిన ఇండ్లోళ్ల పేర్లు చదివితే కొట్లాటలైతయిరా. ఇంటి నంబరు చాలు.

తమ్ముడు: నంబరుకు ఒప్పుకుంట. ఆ కడిగే ఇద్దరికి బూట్లు, గ్లౌజులు సంఘం కొనియ్యాలె. ఆరడుగుల కంటే లోతు ఉన్న దేంట్లకూ మనిషిని దింపొద్దు, మిషను పిలవాలె. అది కూడ కాగితంల ఉండాలె. ఇగ నీ శాలువా...

అక్క: శాలువా ఉంటది. దాని మీద బేరం లేదు. గల్లీ గల్లీ తిరిగిన ఆ ఆడవాళ్లను కూడ పిలుస్త, వాళ్లకు తలుపు వేసిన ఇండ్లోళ్లతోనే శాలువా కప్పిస్త.

తమ్ముడు: కప్పించు. ముఖ్య అతిథి ఎవరు? కార్డు మీద పెద్దోళ్ల పేరు లేకుంటే మీ అధ్యక్షుడు సంతకం పెడతడా?

అక్క: పెట్టిస్త. పేరు సంగతి తర్వాత, ముందు తేదీ చెప్పు. మన నాలా బీటుల పనిచేసేటోళ్లకు వారంల సెలవు ఏనాడు?

తమ్ముడు: ఒక్కొక్కరికి ఒక్కో దినం ఉంటది. వానల ముందట అది కూడ దొరకదు.

అక్క: అయితే రేపు పొద్దున షిఫ్టు దిగే టైముకు పోయి అడుగు. వాళ్లందరికీ కుదిరే దినం వాళ్లే చెప్పనీ. అది ఆదివారం కాకున్నా సరే, మనమే ఒక పూట సెలవు పెట్టుకుందం.